మచ్చు ఎవరి దగ్గర ఉంది?

బట్టల వ్యాపారంలో 'మచ్చు' అని ఒక మాట ఉంది. కొనేవాడికి సరుకంతా పరిచి చూపించక్కర్లేదు, ఒక ముక్క చూపిస్తే చాలు. ఆ ముక్కే మచ్చు. ఇవాళ ఫొటో కూడా మచ్చే. పెడనలో కలంకారీ అద్దేవాళ్లు, కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లు, చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసేవాళ్లు, విజయవాడలో ఇంటి దగ్గరే చీరలమ్మే ఆడవాళ్లు తమ మచ్చులన్నీ తీసుకెళ్లి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడుతున్నారు. బేరం వాట్సాప్‌లో జరుగుతుంది. రెండూ ఒకే కంపెనీవి.

దీనికి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ఒకే కంపెనీ చేతిలో కాకుండా ఎవరి సర్వరు వాళ్లు పెట్టుకుని, ఒకళ్ల ఫొటోలు ఇంకొకళ్లు చూసుకునే వికేంద్రీకృత నెట్‌వర్కులు. (విజయవాడలో 'వికేంద్రీకరణ' అనగానే మూడు రాజధానుల గొడవ గుర్తొస్తుంది. ఇక్కడ దానితో పని లేదు.) మా సాఫ్ట్‌వేర్ వాళ్లం వీటి గురించి మాట్లాడుకునేటప్పుడు చరిత్ర 2010 దగ్గర మొదలవుతుంది. కృష్ణా డెల్టాలో మాత్రం ఈ కథ నాలుగు వందల ఏళ్ల నాటిది. మచ్చు ఎవరి దగ్గర ఉంది, దాన్ని చూసి వచ్చిన కొనుగోలుదారు చిరునామా ఎవరి దగ్గర ఉంది అనే రెండు ప్రశ్నలూ బందరు రేవులో ఎప్పుడో పుట్టాయి. అక్కణ్ణుంచి చెప్పుకొస్తే తప్ప ఈ కొత్త నెట్‌వర్కులు పెడన అద్దకందారుకి ఎందుకు పనికొస్తాయో, ఎందుకు పనికిరావో అర్థం కాదు.

1

డచ్చివాళ్లు 1605-06లో, ఇంగ్లిషువాళ్లు 1611లో మచిలీపట్నంలో దిగారు. అప్పటికే అది గోల్కొండ సుల్తానుల పెద్ద రేవు. ఇక్కడి అద్దకం బట్ట పర్షియాకి పోయేది. కలంకారీ అనే పేరే ఫారసీ నుంచి వచ్చింది. ఎరుపు రంగుకి చిరివేరు కావాలి. ఆ వేరుకి డచ్చివాళ్లు పేటపోలి అని రాసుకున్న నిజాంపట్నం ప్రాంతం పేరుపడింది. అంటే నేత, రంగు, అద్దకం, రేవు అన్నీ ఒక రోజు ప్రయాణం దూరంలో ఉండేవి.

కంపెనీలు వచ్చాక ఒక కొత్త పద్ధతి మొదలైంది. యూరప్‌లో ఏ డిజైను నడుస్తుందో అక్కణ్ణుంచే నమూనాలు పంపడం, ఇక్కడి వాళ్ల చేత అవే చేయించడం. కంపెనీ కాగితాల్లో ఈ నమూనాల్ని 'మస్టర్లు' అంటారు. పోర్చుగీసు మాట 'మోస్త్రా' నుంచి వచ్చిందది. బందరు అద్దకందారు తన మచ్చు తాను చూపించుకునే స్థితి నుంచి, అవతలివాడు పంపిన మచ్చు చూసి చేసే స్థితికి వచ్చాడు. లండన్‌లో ఆ బట్ట ఎవరు కట్టుకుంటున్నారో అతనికి తెలీదు. కట్టుకున్నవాళ్లకి ఇతని పేరు తెలీదు. మధ్యలో ఉన్న కంపెనీకి ఇద్దరూ తెలుసు. దాని లాభమంతా అందులోనే ఉంది.

తర్వాత పని రహస్యం పోయింది. ఫాదర్ కేర్దూ అనే ఫ్రెంచి జెసూట్ 1742లో కోరమాండల్ తీరం నుంచి ఒక పెద్ద ఉత్తరం రాశాడు. బట్టని కరక్కాయ నీళ్లలో ఎలా నానబెట్టాలి, పాలు ఎందుకు కలపాలి, పటికతో ఎరుపు ఎలా పడుతుంది అన్నీ వరసగా ఉన్నాయి అందులో. కొత్తగా క్రైస్తవంలో చేరిన అద్దకందార్లని అడిగి తెలుసుకున్నాడు. భాషాశాస్త్రం చదివినవాళ్లకి ఈయన ఇంకోరకంగా తెలుసు. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకీ పోలికలున్నాయని విలియం జోన్స్ కంటే ముందే రాసినవాడు, తెలుగు నిఘంటువు కూర్చినవాడు. మన భాషని అంత శ్రద్ధగా చదివిన మనిషే మన అద్దకాన్నీ అంతే శ్రద్ధగా చదివి ఫ్రాన్స్‌కి పంపాడు. ద్రోహం చేస్తున్నానని అతను అనుకుని ఉండడు. జ్ఞానం పంచుతున్నాననే అనుకుని ఉంటాడు.

అప్పటికే అక్కడి ప్రభుత్వాలు ఈ బట్ట మీద తలుపులు మూసేశాయి. ఫ్రాన్స్ 1686 నుంచి 1759 దాకా అద్దకం నూలుబట్టల్ని నిషేధించింది. ఇంగ్లండ్ 1721లో వాటి వాడకాన్నే చట్టంతో ఆపింది. 1774లో ఆ చట్టం సడలేనాటికి ఇంగ్లండ్ సొంతంగా అద్దడం నేర్చేసుకుంది. తలుపు తీసేసరికి మన సరుకుతో అవసరం తగ్గిపోయింది.

ఆఖరి ఘట్టం 1866లో జరిగింది. అంతకు రెండేళ్ల ముందు, 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెనలో బందరు, చుట్టుపక్కల ఊళ్లలో సుమారు 30 వేల మంది చనిపోయారు. ఊరు ఇంకా తేరుకోలేదు. లండన్‌లో ఇండియా మ్యూజియం వ్యవహారాలు చూసే జాన్ ఫోర్బ్స్ వాట్సన్ అనే ఆయన, భారతదేశపు బట్టల ముక్కలు కత్తిరించి 18 సంపుటాల్లో 700 మచ్చులు అతికించాడు. అలాంటివి 20 సెట్లు తయారుచేశాడు. 13 సెట్లు బ్రిటన్‌లోనే ఉంచారు, 7 భారతదేశానికి పంపారు. ఉద్దేశం దాచుకోలేదు. ఇక్కడి జనం ఏం కట్టుకుంటారో, ఎంత పొడవు, ఏ అంచు ఇష్టపడతారో బ్రిటిష్ మిల్లులకి తెలియాలి, వాళ్లు అదే నేసి ఇక్కడ అమ్మాలి.

నేను చూసినంతలో, మన బట్టల బొమ్మల్ని అంత పెద్ద ఎత్తున పోగేసి, వర్గీకరించి, పోటీదారుల చేతికి ఇచ్చిన మొదటి 'ప్లాట్‌ఫాం' అది. ఎవరు నేశారు అనే గడి అందులో లేదు. 700 ముక్కలున్నాయి, వాటి ఊళ్లున్నాయి, ధరలున్నాయి. నేసినవాడి పేరు లేదు.

2

ఈ నష్టం కథని ఇక్కడితో ఆపేస్తే మనకి బాగా అలవాటైన ఏడుపు ఒకటి మిగులుతుంది. బందరు ఇక్కడ ఆగలేదు.

1902లో మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక మొదలైంది. 1907 నుంచి ముట్నూరి కృష్ణారావు నాలుగు దశాబ్దాల పాటు దాన్ని నడిపారు. మద్రాసులో ఉన్న పత్రికలు తమ గురించి రాస్తాయేమోనని చూడకుండా, ఒక జిల్లా ఊరు సొంత పత్రిక పెట్టుకుంది. 1910లో కోపల్లె హనుమంతరావు ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. సర్కారు చదువుకి ప్రత్యామ్నాయంగా చదువూ చేతిపనీ రెండూ నేర్పే బడి అది. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య అదే ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. వార్త, చదువు, డబ్బు, ఈ మూడింటికీ మద్రాసు వైపు చూడనక్కర్లేని ఏర్పాటు రెండు దశాబ్దాల్లో ఒకే ఊళ్లో తయారైంది. (ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పటికీ మావైపు పెద్దవాళ్లు 'ఆంధ్రా బ్యాంకుకెళ్లొస్తా' అనే అంటారు.)

వాళ్లెవరూ వికేంద్రీకరణ అనే మాట వాడి ఉండరు. స్వదేశీ అన్నారు. కానీ చేసిన పని అదే. అందులో గమనించాల్సింది, వాళ్లు ముందు సంస్థలు పెట్టారు. అచ్చు యంత్రం ఎవరైనా కొనొచ్చు. ప్రతి వారం పత్రిక తెచ్చే మనుషులు, చందాలు వసూలు చేసే పద్ధతి, కాగితం అప్పు ఇచ్చే కొట్టు, ఇవి లేకపోతే యంత్రం తుప్పు పడుతుంది.

వ్యాపారం చేసేవాళ్లకి అదే కాలంలో ఇంకో చిన్న సాధనం దొరికింది. బొమ్మ క్యాలెండరు. శివకాశిలో అచ్చయ్యే లక్ష్మీదేవి, వెంకటేశ్వరస్వామి బొమ్మ పైన, తేదీలు కింద, మధ్యలో కొట్టు పేరు, వీధి పేరు, తర్వాత్తర్వాత ఫోన్ నంబరు. బట్టల కొట్టు, ఎరువుల కొట్టు, బంగారం కొట్టు, అందరూ కొత్త సంవత్సరానికి ఖాతాదార్లకి ఇచ్చేవాళ్లు. బొమ్మ ఎవరిదైనా చిరునామా కొట్టువాడిదే. ఏడాదంతా కొనేవాళ్లింట్లో గోడకి వేలాడేది. ఎవరెవరికి ఇచ్చాడో కొట్టువాడికి తెలుసు, ఎందుకంటే వాళ్లంతా అతని పద్దుపుస్తకంలో ఉన్నారు. శివకాశి ప్రెస్సువాడు ఆ పద్దు చూపించమని ఎప్పుడూ అడగలేదు. మధ్యలో ఉండి బొమ్మ అచ్చేశాడు, డబ్బు తీసుకున్నాడు, పక్కకి తప్పుకున్నాడు.

నాకు ఈ తేడా చాలా ముఖ్యమనిపిస్తుంది. బొమ్మ పంచడానికి మధ్యవర్తి ఎప్పుడూ ఉన్నాడు. పద్దు కూడా మధ్యవర్తి దగ్గరే ఉందా లేదా అన్నదే అసలు సంగతి.

3

ఇన్‌స్టాగ్రామ్ 2010 అక్టోబరులో మొదలైంది. 2012 ఏప్రిల్‌లో ఫేస్‌బుక్ దాన్ని 100 కోట్ల డాలర్లకి కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అందులో 13 మంది ఉద్యోగులున్నారు. 2014లో వాట్సాప్ కూడా అదే గూటికి చేరింది.

చిన్న వ్యాపారులకి ఇది చేసిన మేలు తక్కువేం కాదు. పెడన దుపట్టా అమ్మాలంటే ఒకప్పుడు హైదరాబాదు ఎంపోరియంవాడో, ఢిల్లీ ఎగుమతిదారో కావాలి. వాడు చెప్పిందే ధర. ఇప్పుడు అచ్చు వేస్తున్న వీడియో చూసి బెంగళూరులో ఉన్న అమ్మాయి నేరుగా మెసేజ్ పెడుతుంది. దళారి పోయాడు. ఈ మాట ఒప్పుకోకుండా ప్రత్యామ్నాయాల గురించి మాట్లాడితే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా.

కానీ పద్దు మారింది. 'ఫాలోయర్లు' అనే లెక్క కనిపిస్తుంది, వాళ్ల చిరునామా అమ్మేవాళ్ల చేతికి రాదు. 2016 మార్చిలో ఇన్‌స్టాగ్రామ్ ఫీడ్ వరస మారుస్తున్నట్టు ప్రకటించింది. అప్పటిదాకా కొత్త ఫొటో పైకొచ్చేది. ఆ తర్వాత ఎవరికి ఏది చూపించాలో అల్గారిథం నిర్ణయిస్తుంది. పది వేల మంది ఫాలో అవుతున్నా ఆ పది వేల మందికీ కనబడతామన్న హామీ లేదు. కనబడాలంటే డబ్బు కట్టి 'బూస్ట్' చేసుకోవాలి. మన ఖాతాదార్లకి మన క్యాలెండరు చేరడానికి ప్రెస్సువాడికి మళ్లీ డబ్బు కట్టడం లాంటిది ఇది.

2020 జూన్ 29న కేంద్రం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లని నిషేధించింది. నిషేధం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. టిక్‌టాక్‌లో ఫాలోయర్లని సంపాదించుకున్న పల్లెటూరి వాళ్లకి వాళ్లని వెంటబెట్టుకుని ఇంకోచోటికి వెళ్లే దారి లేదు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మన దేశంలోకి వచ్చింది. అందరూ సున్నా నుంచి మొదలుపెట్టారు. ఫొటోలు పెట్టేవాళ్లు కూడా ఇక వీడియోలు తీయక తప్పలేదు.

2021 అక్టోబరు 4 రాత్రి తొమ్మిది దాటాక ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆగిపోయాయి. దాదాపు ఆరు గంటలు. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల సర్వర్ల మధ్య లింకులన్నిటినీ తెంపేసింది. దాంతో 'మా సర్వర్లు ఇక్కడున్నాయి' అని మిగతా ఇంటర్నెట్‌కి చెప్పే సమాచారం కూడా మాయమైంది. ప్రపంచానికి అదొక ఆసక్తికరమైన రాత్రి. విజయవాడకి మాత్రం అది నవరాత్రులు మొదలవడానికి మూడు రోజుల ముందు రాత్రి. ఇంట్లో చీరలమ్మేవాళ్లకి ఏడాది మొత్తంలో ఆర్డర్లు బాగా వచ్చే వారం. సరుకు చూపించే చోటు, బేరమాడే చోటు, చిరునామా పంపించే చోటు మూడూ ఒకే తాళం కింద ఉన్నాయని ఆ రాత్రి తెలిసొచ్చింది.

ఇక్కడ డెల్టావాళ్లు ఒక మాట అడగొచ్చు. మాకు కేంద్రీకరణ కొత్తా? 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, మొత్తం డెల్టా ఒక్కచోట గేట్లు ఎత్తితే తడుస్తుంది, దించితే ఎండుతుంది. పెడనలో అద్దిన బట్టని ఉతికేది కూడా ఆ కాలవ నీళ్లలోనే. కాలవ కట్టేస్తే ఆ పనికి ఇబ్బందే. అయినా బతికాం, బాగుపడ్డాం కదా.

న్యాయమైన ప్రశ్న. తేడా ఏమిటంటే, కాలవకి ఒక ఆఫీసు ఉంది. ఎవరి ఆయకట్టు ఎంతో రికార్డు ఉంది. నీళ్లు రాకపోతే లస్కరుని నిలదీయొచ్చు, ఇంజనీరు ఆఫీసు ముందు కూర్చోవచ్చు, ఎమ్మెల్యేని అడగొచ్చు, ఎన్నికల్లో చూసుకోవచ్చు. ఖాతా హ్యాక్ అయినా, ఏదో నియమం ఉల్లంఘించారని మూసేసినా, ఒక ఫారం నింపి ఎదురుచూడటం తప్ప పెడన మనిషి చేయగలిగింది చాలా తక్కువ. కేంద్రీకరణతో వచ్చిన చిక్కు కంటే, అడగడానికి గడప లేకపోవడంతో వచ్చిన చిక్కు పెద్దది.

4

ప్రత్యామ్నాయాల చరిత్ర నిజానికి నిరాశల చరిత్రే. 2010లో న్యూయార్క్‌లో నలుగురు విద్యార్థులు ఫేస్‌బుక్‌కి పోటీగా డయాస్పొరా అనే నెట్‌వర్కు కడతామని జనాన్ని 10 వేల డాలర్లు అడిగితే 2 లక్షల పైనే వచ్చాయి. అంత ఆశ ఉండేది. అది ఫేస్‌బుక్‌ని కదిలించలేకపోయింది. 2016లో ఆయిగెన్ రోచ్కో అనే జర్మనీ కుర్రాడు మాస్టొడాన్ తెచ్చాడు. 2018 జనవరి 23న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 'యాక్టివిటీపబ్' అనే ప్రొటొకాల్‌ని ఆమోదించింది. అదే ఏడాది కెనడాకి చెందిన డేనియల్ సూపర్‌నాల్ట్ దాని మీద పిక్సెల్‌ఫెడ్ మొదలుపెట్టాడు. చూడ్డానికి పాత ఇన్‌స్టాగ్రామ్ లాగే ఉంటుంది. చతురస్రాలుగా ఫొటోలు, కొత్తది పైన, ప్రకటనలు లేవు.

లోపల మాత్రం నిర్మాణం వేరు. ఈమెయిల్ గుర్తుచేసుకుంటే తేలిక. జీమెయిల్‌లో ఉన్నవాడు యాహూలో ఉన్నవాడికి ఉత్తరం రాయగలడు. పిక్సెల్‌ఫెడ్ ఖాతాకి కూడా పేరు, దాని పక్కన సర్వరు పేరు ఉంటాయి. మచిలీపట్నంలో ఒక సర్వరు మీద ఉన్న కలంకారీ షాపుని జర్మనీలో ఇంకో సర్వరు మీద ఉన్న మనిషి ఫాలో అవ్వొచ్చు. మాస్టొడాన్‌లో ఉన్నవాళ్లు కూడా అక్కణ్ణుంచే ఆ ఫొటో చూడొచ్చు. సాఫ్ట్‌వేర్ కోడ్ బహిరంగం. ఎవరైనా తెచ్చుకుని సొంత సర్వరు నడుపుకోవచ్చు. ఒక సర్వరు యజమాని తిక్కగా ప్రవర్తిస్తే ఇంకోదానికి మారొచ్చు. మాస్టొడాన్‌లో అలా మారితే ఫాలోయర్లు వెంట వస్తారు, పాత పోస్టులు రావు. పూర్తి స్వేచ్ఛ కాదు గానీ, టిక్‌టాక్‌వాళ్లకి ఆ సగం కూడా దొరకలేదు.

మన దేశంలో ఈ నెట్‌వర్కుల పేరు ఒకసారి మోగింది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు సీనియర్ న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాని ట్విట్టర్ నిలిపేసింది. నాజీ సెల్యూట్ చేయకుండా చేతులు కట్టుకుని నిలబడ్డ ఒకే ఒక్క మనిషి ఉన్న పాత ఫొటో పెట్టుకున్నందుకు. కోపంతో చాలామంది మాస్టొడాన్‌కి వెళ్లారు. కొన్ని వారాల్లో ఎక్కువమంది తిరిగొచ్చేశారు. తెలుగువాళ్లకి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కూడా కొత్తేం కాదు. 'స్వేచ్ఛ' సంస్థ తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది, ఇంజనీరింగ్ కాలేజీల్లో క్యాంపులు పెట్టింది. ఆ గాలి కాలేజీల్లో వీచింది, బీసెంట్ రోడ్డు దాకా రాలేదు.

2025 జనవరిలో ఇంకో సంగతి జరిగింది. పిక్సెల్‌ఫెడ్ లింకులున్న పోస్టుల్ని ఫేస్‌బుక్ స్పామ్ అంటూ తీసేస్తోందని బయటపడింది. అది పొరపాటని మెటా చెప్పింది. పొరపాటే అనుకుందాం. ఒక ఊరు నుంచి ఇంకో ఊరికి దారి చూపించే బోర్డుని కూడా మొదటి ఊరి యజమాని పొరపాటున పీకేయగలడు. నాకు అందులో ఆశ్చర్యపరిచింది ఆ 'చేయగలగడం'.

5

పోయినేడాది పెడన వెళ్లినప్పుడు ఒక అద్దకం షెడ్డులో ఈ సంగతులన్నీ చెప్పాను. పొడవాటి బల్లల మీద బట్ట పరిచి ఉంది. టేకు అచ్చులు గోడ వారగా పేర్చి ఉన్నాయి. షెడ్డు యజమాని కూతురు డిగ్రీ చదివింది, పేజీ నడిపేది ఆవిడే. అంతా విని ఒకే మాట అడిగింది.

"మా కస్టమర్లు అందులో ఉన్నారా అన్నా?"

"దాదాపు లేరమ్మా."

"మరి ఎవరికి చూపించను?"

నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే జవాబు లేదు. తర్వాత ఆవిడే అంది. "ఏ రోజుకారోజు కొన్నవాళ్ల పేరు, ఊరు, ఫోన్ నంబరు నోట్‌బుక్‌లో రాస్తా. నాన్నగారు చెప్పారు. యాప్ పోయినా పుస్తకం ఉంటది కదా." చూపించింది కూడా. రూళ్లు గీసిన పొడుగు పుస్తకం, తారీఖుల వారీగా. ఆ షెడ్డులో వికేంద్రీకరణ సిద్ధాంతం నేను వెళ్లకముందే అమల్లో ఉంది.

కొనేవాళ్లు లేకపోవడం ఒక్కటే ఇబ్బంది కాదు. ఈ నెట్‌వర్కులు కట్టినవాళ్లలో చాలామంది ప్రకటనల మీద విసుగుతో బయటికొచ్చినవాళ్లు. అందుకే చాలా సర్వర్ల నియమాల్లో వ్యాపార ప్రచారం మీద ఆంక్షలుంటాయి. వాళ్లు తప్పించుకొచ్చింది పెద్ద కంపెనీల ప్రకటనల నుంచి. కానీ పెడన అమ్మాయి 'ఈ దుపట్టా 900 రూపాయలు' అని రాస్తే ఆ నియమం కింద ఆవిడ కూడా పడొచ్చు. చేత్తో చేసి అమ్ముకునేవాళ్లకి, ప్రకటనల కంపెనీకి తేడా తెలిసిన చోటు కావాలి ముందు.

రెండోది ఖర్చు. ఫొటోలు దాచడానికి డిస్కు కావాలి, దాన్ని కాపాడ్డానికి మనిషి కావాలి. చిన్న సర్వరు అద్దె నెలకి కొన్ని వందల నుంచి ఒకటి రెండు వేల రూపాయలు, అది పెద్ద సంగతి కాదు. అర్ధరాత్రి డిస్కు నిండిపోతే ఎవరు లేస్తారు అన్నది పెద్ద సంగతి. మాస్టొడాన్.టెక్నాలజీ అనే పేరున్న సర్వరు 2022 చివర్లో మూతపడింది. దాన్ని నడిపే ఒక్క మనిషికి ఇంట్లో ఇబ్బందులొచ్చి ఇక కుదరలేదు. అతన్ని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ పెద్ద కంపెనీ తాళం బదులు ఒక మంచి మనిషి తాళం పెట్టుకుంటే అది వికేంద్రీకరణ అవదు.

మూడోది కాపీ. అద్దకందార్ల అసలు భయం ఇదే. కొత్త అచ్చు చెక్కించి ఫొటో పెడితే, అదే డిజైను స్క్రీన్ ప్రింట్‌లో చవగ్గా ఎక్కడో దిగిపోతుంది. ఈ విషయంలో వికేంద్రీకృత నెట్‌వర్కు ఏమీ చేయలేదు. ఇంకా ఒక రకంగా చిక్కు పెంచుతుంది. ఫొటో నకళ్లు ఫాలోయర్లు ఉన్న సర్వర్లన్నిటికీ వెళతాయి. మనం తీసేస్తే అవతలి సర్వర్లకి 'తీసేయండి' అని విన్నపం వెళుతుంది, తీసే తీరాలని లేదు. చట్టం కూడా కొంతవరకే. మచిలీపట్నం కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉంది, అది ఆ పేరుని కాపాడుతుంది. డిజైన్ల చట్టం కొత్త డిజైనుకి వర్తిస్తుంది, తరతరాల తీగెకీ పువ్వుకీ వర్తించదు.

కాబట్టి మొదట్లో అడిగిన రెండు ప్రశ్నల్ని విడదీసి చూడాలి. మచ్చు దొంగతనం ఒకటి, పద్దు పోవడం ఇంకోటి. వాట్సన్ సంపుటాల జబ్బుకి ఈ కొత్త నెట్‌వర్కుల దగ్గర మందు లేదు. కంపెనీ దొరలు కొనేవాడికీ చేసేవాడికీ మధ్య నిలబడ్డ జబ్బుకి మాత్రం ఉంది. రెంటికీ ఉందని చెప్పేవాళ్లని నమ్మకపోవడం మంచిది.

6

ప్రొటొకాల్ అంటే విజయవాడ వ్యాపారికి అర్థం కాదు అనుకోవడం మా ఇంజనీర్ల అహంకారం. 2016లో వచ్చిన యూపీఐ ఒక ప్రొటొకాలే. పునుగుల బండి మీద అంటించిన ఒకే క్యూఆర్ కోడ్‌కి ఏ యాప్ నుంచైనా డబ్బు పడుతుంది. ఇచ్చేవాడిది ఒక యాప్, తీసుకునేవాడిది ఇంకోటి, బ్యాంకులు వేరు. ఇదే పని ఫొటోల్లో ఎందుకు జరగదు అని అడిగితే బండివాడికి కూడా వెంటనే అర్థమవుతుంది.

యూపీఐ ఇంకో పాఠం కూడా నేర్పింది. ఆ తలుపు అందరికీ తెరిచి ఉన్నా, లావాదేవీల్లో 80 శాతం పైన ఫోన్‌పే, గూగుల్ పేల మీదే నడుస్తున్నాయి. ఏ యాప్‌కీ 30 శాతం మించకూడదని ఎన్‌పీసీఐ 2020 నవంబరులో చెప్పింది. ఆ గడువు 2026 చివరికి జరిగింది. దారి తెరిచినంత మాత్రాన జనం చెదిరిపోరు, మళ్లీ ఒకచోటే గుమిగూడతారు. 2021 డిసెంబరు 31న ఏర్పడ్డ ఓఎన్‌డీసీ, అమ్మేవాళ్ల యాప్‌నీ కొనేవాళ్ల యాప్‌నీ వేరుచేసి ఇదే పద్ధతిని సరుకుల అమ్మకానికి తెచ్చింది. అది ఆర్డరు సంగతి చూస్తుంది. ఆర్డరుకి ముందు మచ్చు చూపించే పని ఇంకా ఇన్‌స్టాగ్రామ్‌దే.

మరి ఏం చేయొచ్చు? ఇన్‌స్టాగ్రామ్ మానేయమని పెడనవాళ్లకి చెప్పడం అన్యాయం. నెల జీతం వచ్చే నాలాంటివాడు చెప్పడం మరీ అన్యాయం. కానీ వరస మార్చుకోవచ్చు. ముందు సొంత చోట పెట్టి, తర్వాత బజార్లో పెట్టడం. ఏడాదికి వెయ్యి రూపాయల లోపు సొంత డొమైన్ పేరు వస్తుంది. కవర్ మీద, చీర మడత మీద, విజిటింగ్ కార్డు మీద ఇన్‌స్టా హ్యాండిల్ బదులు ఆ పేరు అచ్చు వేయించుకుంటే, దాని వెనక ఇవాళ ఇన్‌స్టాగ్రామ్ ఉన్నా, రేపు పిక్సెల్‌ఫెడ్ ఉన్నా, ఎల్లుండి ఇంకేదైనా ఉన్నా కొనేవాళ్లకి చిరునామా మారదు.

సర్వరు మాత్రం ఒక్కొక్కరూ పెట్టుకునేది కాదు. ఇక్కడే బందరు చరిత్ర అక్కరకొస్తుంది. డెల్టాలో చేనేత సహకార సంఘాలున్నాయి, పాల సంఘాలున్నాయి. వాటి అవినీతి, నిద్ర అందరికీ తెలుసు, వాటి వల్ల నిలబడ్డ ఇళ్లూ తెలుసు. ఒక అద్దకందార్ల సంఘం తన సభ్యుల ఫొటోలకి ఒక సర్వరు నడపడం, చందాలో నెలకి కొంత దానికి పక్కన పెట్టడం, జిల్లాలో ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో ఏదో ఒకటి దాని బాగోగులు చూడటం ఊహకందని సంగతేం కాదు. ఖాతా పోతే వెళ్లి అడగడానికి ఒక గడప ఉంటుంది. సంఘం ఆఫీసు, ఫలానా వీధి, పది నుంచి ఐదు దాకా. అక్కడి క్లర్కు విసుక్కోవచ్చు, రేపు రమ్మనొచ్చు. రేపు వెళితే ఉంటాడు.

ఆ సర్వరు వల్ల వెంటనే ఒక్క దుపట్టా కూడా ఎక్కువ అమ్ముడవ్వదు. అందుకే ఏ స్టార్టప్పూ ఆ పని చేయదు. ఆంధ్రా బ్యాంకు పెట్టిన రోజున బందరులో అప్పు దొరక్క కాదు, వడ్డీ వ్యాపారులు వీధికొకరు ఉన్నారు. పద్దు మన ఊళ్లో ఉండాలని పెట్టారు. పెడన షెడ్డులో ఆ పొడుగు నోట్‌బుక్ ఇప్పటికి ఎనిమిదోది. మొదటి ఏడూ బీరువాలో ఉన్నాయట.